చెక్కతో కారు షెడ్డు సొంతంగా కట్టుకోవచ్చా? నాలుగు గుంజలు పాతితే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంటి పక్కన మూడున్నర మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు ఖాళీ స్థలం ఉంది. చెక్కపని కొంచెం వచ్చు. నాలుగు గుంజలు నేలలో పాతి, చుట్టూ సిమెంటు పోసి, పైన రేకులు కొట్టేస్తే కారుకు షెడ్డు అయిపోతుందా, ఎన్నేళ్ళు ఉంటుంది, ఏటా ఏం చూసుకోవాలి, అసలు ఇనుముతో పోతే మేలా అని.

ముందు సూటిగా చెప్పేస్తానండీ. కట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులుంటే నాలుగైదు వారాంతాల పని. అయితే మూడు మార్పులు చెయ్యండి. గుంజల్ని మట్టిలో పాతకండి. నాలుగు బదులు ఆరు పెట్టండి. కప్పు కూలకుండా చూసుకోవడం కంటే ఎగిరిపోకుండా చూసుకోవడం మీద ఎక్కువ బుర్ర పెట్టండి. ఈ మూడూ కుదిరి, ఏటా ఒక పూట దాని కోసం కేటాయిస్తే ఇరవై ఏళ్ళు నిలవాలనుకోవడం అత్యాశేమీ కాదు.

నేను వృత్తిరీత్యా వడ్రంగిని కాదు. పదహారేళ్ళ కిందట నా కారు కోసం ఒకటి కట్టాను, సరిగ్గా మీరు అనుకుంటున్న పద్ధతిలోనే. అది పాడైంది. దాన్ని పీకేసి రెండోది కట్టాను, తర్వాత తెలిసినవాళ్ళవి మరో నాలుగింటిలో చెయ్యి వేశాను. కింద రాసేవాటిలో సగం ఆ మొదటిదాని పుణ్యమే.

మట్టిలో గుంజ సంగతి

నా మొదటి షెడ్డుకు నాలుగో ఏడు వానలు వెలిశాక, ఒక మూల కప్పు కాస్త కిందికి దిగినట్టు అనిపించింది. రసమట్టం పెట్టి చూస్తే నిజమే. గుంజ పైకి నిక్షేపంలా ఉంది, రంగు కూడా చెక్కు చెదరలేదు. నేల దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. తవ్వి తీశాం. అరమీటరు లోతున ఉన్న చివర గట్టిగానే ఉంది, నేలకు పైన ఉన్నదీ గట్టిగానే ఉంది. నేలమట్టానికి అటూ ఇటూ ఒక జానెడు మేర మాత్రం వేలితో నొక్కితే దూదిలా లోపలికి పోయింది.

అక్కడే ఎందుకు పోతుందంటే, చెక్కను కుళ్ళబెట్టే బూజుకు తేమ కావాలి, గాలీ కావాలి. బాగా లోతున గాలి తక్కువ, పైన తేమ తక్కువ. రెండూ పుష్కలంగా దొరికేది నేలమట్టం దగ్గరే. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉంటే కుళ్ళు దాదాపు మొదలవ్వదు. చుట్టూ సిమెంటు పోస్తే కాపాడుతుందనుకున్నాను కానీ, చెక్క ఆరి కుంచించుకోగానే సిమెంటుకూ దానికీ మధ్య సన్నటి సందు వచ్చింది. ఆ సందులోకి దిగిన వాన నీళ్ళకు బయటికి దారి లేదు. నీళ్ళ గిన్నెలో గుంజను నిలబెట్టినట్టే. చెదలకు కూడా అదే రాజమార్గం.

న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. భూమిలో పాతడానికే ప్రత్యేకంగా, ఒత్తిడితో లోపలిదాకా మందు ఎక్కించిన కలప దొరుకుతుంది. దానితో పాతి కట్టినవి దశాబ్దాలు నిలిచాయి. అలాంటి సరుకు నమ్మకంగా దొరికితే పాతడం తప్పేం కాదు. బ్రష్‌తో బయట రెండు పూతలు పూసి, మందు పట్టించాం అనుకుంటే మాత్రం నా కథే మీదీ అవుతుంది.

నా సలహా: గుంతలో కాంక్రీటు దిమ్మె పోసి, తడిగా ఉన్నప్పుడే యూ ఆకారపు ఇనుప పాదం అందులో దించండి. జింకు పూత బాగా మందంగా ఉన్నది తీసుకోండి. గుంజ అడుగు, దిమ్మె పైభాగానికి కనీసం మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి, కింద గాలి ఆడాలి. దిమ్మె పైభాగాన్ని చదునుగా వదలకుండా నాలుగు వైపులా వాలు ఇవ్వండి, నీళ్ళు జారిపోతాయి. గుంజ అడుగున రంపం కోత పడిన ముఖానికి మందు బాగా తాగించండి. చెక్క నీళ్ళు ఎక్కువగా పీల్చేది పక్కలనుంచి కాదు, ఆ కోత ముఖం నుంచే. గడ్డి పరకల కట్టను నిలబెట్టి నీళ్ళలో ముంచినట్టు అనుకోండి.

గాలి లెక్క

చాలామంది కప్పు బరువుకు భయపడతారు. పలచటి ఇనుప రేకు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు. మీ కప్పు 21 చదరపు మీటర్లు, అంటే రేకులన్నీ కలిపి వంద కిలోలే. వాసాలు, దూలాలు, గుంజలు కలిపినా మొత్తం అర టన్ను అటూ ఇటూ.

ఇప్పుడు గాలి చూడండి. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. 140 కిలోమీటర్లయితే 92 కిలోలు దాటుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. గోడల్లేని షెడ్డు గొడుగులాంటిది, గాలి కింద దూరి పైకి ఎత్తుతుంది. అందులో మొత్తం ఒత్తిడి పైకే పనిచేస్తే 21 చదరపు మీటర్లకు ఒక టన్ను నుంచి రెండు టన్నుల దాకా లేపే బలం అన్నమాట. ఇది ఇంజినీర్లు వేసే అసలు లెక్క కాదు, కప్పు వాలును బట్టీ చుట్టుపక్కల అడ్డాలను బట్టీ మారుతుంది. మనకు అంచనా కోసం ఇది చాలు.

దాన్ని పట్టి ఉంచాల్సింది దిమ్మెలే. కాంక్రీటు ఘనపు మీటరుకు 2,400 కిలోలు. పొడవు వెడల్పులు 30 సెంటీమీటర్లు, లోతు 60 పెట్టి తవ్విన గుంతలో పట్టేది 130 కిలోలు. అలాంటివి నాలుగంటే 520 కిలోలు. నా మొదటి షెడ్డుకు ఉన్నవి అవే, దాన్ని గాలి లేపకపోవడం నా అదృష్టం. 45, 45, 90 సెంటీమీటర్ల గుంత అయితే ఒక్కోటి 437 కిలోలు, ఆరు కలిపి 2,600 దాటుతుంది. ఆరు గుంజలు ఎందుకన్నానో తెలిసింది కదా. గుంత అడుగున కాస్త వెడల్పుగా, కుండలాగా తవ్వితే చుట్టూ ఉన్న మట్టి కూడా పట్టి ఉంచుతుంది. చలికాలంలో నేల గడ్డకట్టే చోట ఉంటే ఆ గడ్డకట్టే లోతుకన్నా కిందికి వెళ్ళాలి, లేకపోతే మంచు దిమ్మెను పైకి నెడుతుంది.

దిమ్మె బరువుగా ఉంటే సరిపోదు, రేకు నుంచి దిమ్మె దాకా పట్టు ఎక్కడా తెగకూడదు. రేకు దాని కింది చెక్క పట్టీకి, ఆ పట్టీ వాసానికి, వాసం దూలానికి, దూలం గుంజకు, గుంజ పాదానికి. ఇందులో ఎక్కువమంది వదిలేసేది వాసం దూలం మీద కూర్చునే చోటు. నాకు తెలిసిన ఒకాయన రేకులకు ఖరీదైన మరలు, మంచి వాషర్లు వేయించాడు. వాసాలను మాత్రం ఒక్కోదానికి రెండేసి మేకులు ఏటవాలుగా కొట్టి వదిలేశాడు. ఒక గాలివాన రాత్రి కప్పు మొత్తం వాసాలతో సహా లేచి పెరట్లో వెల్లకిలా పడింది. పొద్దున వెళ్ళి చూస్తే రేకులకు ఒక్క మర కూడా ఊడలేదు! దూలం మీద మాత్రం జంటజంటగా మేకుల రంధ్రాలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. మేకు వంగను కూడా లేదు, ఎలా దిగిందో అలాగే వచ్చేసింది. మేకు పక్కకు లాగితే ఆపుతుంది, నిలువుగా లాగితే ఆపలేదు. ప్రతి వాసానికీ రెండు చివర్లా దూలాన్ని చుట్టే ఇనుప పట్టీ వెయ్యండి. చిన్న వస్తువే, షెడ్డు మొత్తంలో దానికంటే విలువైంది లేదు.

దూలాన్ని గుంజ పక్కన ఆనించి బోల్టుల మీద వేలాడదీయకండి. గుంజ తలలో గాడి కోసి దాంట్లో కూర్చోబెట్టండి, ఆపైన 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండు, రెండు వైపులా పెద్ద వాషర్లతో. బరువు చెక్క మీద పడాలి, బోల్టు పని పట్టి ఉంచడం వరకే.

ఊతకర్రలు లేకుండా వద్దు

ఇనుప పాదం మీద నిలబెట్టడంలో ఒక లోపం ఉంది. పాతిన గుంజ పక్కకు ఊగకుండా నేలే ఆపుతుంది. పాదం మీద నిలిచినది మడత బందు మీద నిలిచినట్టే, పక్కకు తోస్తే వాలుతుంది. అందుకని ప్రతి గుంజ నుంచి దూలానికి 45 డిగ్రీల ఏటవాలుగా ఊతకర్రలు కావాలి. మూల నుంచి 60 నుంచి 75 సెంటీమీటర్ల దూరంలో రెండు చివర్లూ తగిలేలా పెట్టి బోల్టు వెయ్యండి. పొడవు వైపు పెట్టి వెడల్పు వైపు మర్చిపోవద్దు. వెనక వైపు కారు వెళ్ళేది లేదు కాబట్టి అక్కడ నిలువెత్తున ఐమూలగా రెండు కర్రలు ఎక్స్ ఆకారంలో కొట్టేయండి. పని అయ్యాక ఒక గుంజను రెండు చేతులతో పట్టి ఊపి చూడండి. కప్పు ఊగినట్టు కంటికి కనిపిస్తే ఇంకా కర్రలు పడాల్సిందే.

కొలతలు, గుర్తులు

గుంజలు 15×15 సెంటీమీటర్లు. 10×10 కూడా బరువు మోస్తుంది కానీ గాడి కోశాక మిగిలేది తక్కువ, ఎండకు మెలి తిరగడమూ ఎక్కువ. దూలాలు 5×20 పలకలు రెండేసి జత చేసి, గుంజల మధ్య దూరం 2.7 మీటర్లు మించకుండా. వాసాలు 5×15, అరవై సెంటీమీటర్లకు ఒకటి. ఇవన్నీ రేకుల కప్పుకు, మంచు కురవని చోటుకు. మంచు పేరుకునే చోట, తుపాను గాలులు తగిలే చోట, లేదా పెంకులు వేస్తానంటే నా అంకెలు పక్కన పెట్టి ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు గీసి చూపించండి.

ఎత్తు పల్లపు వైపు దూలం కింద 2.4 మీటర్లు ఉంటే మీకూ కారుకూ ఊతకర్రలకూ సరిపోతుంది. వాలు మీటరుకు 10 సెంటీమీటర్లు, అంటే మూడున్నర మీటర్ల వెడల్పుకు 35. పల్లం మీ ఇంటి గోడ వైపు, పక్కవాళ్ళ స్థలం వైపు రాకుండా చూసుకోండి. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ కప్పు మీద నుంచి వెయ్యి లీటర్ల పైచిలుకు నీళ్ళు దిగుతాయి. తూము పెట్టి ఎక్కడికి పంపాలో ముందే అనుకోండి.

గుంజల స్థానాలు కాగితం మీద కాకుండా కారుతో తేల్చండి. ఇది అనుభవం మీద చెప్తున్న మాట. మా బావమరిది షెడ్డుకు నడిమి గుంజ లెక్క ప్రకారం సరిగ్గా మధ్యలో పెట్టాం. మొదటి రోజే డ్రైవర్ తలుపు వెళ్ళి దానికి ఠంగున తగిలింది. ఇప్పటికీ ఆ గుంజకు పాత టైరు ముక్క కట్టి ఉంటుంది, ఆ ఊసెత్తితే మా ఇద్దరికీ పడదు. మీరు కారు నిలిపే చోట నిలిపి, నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి, నేల మీద సుద్దతో గీత గీయండి. ఆ గీతలు తప్పించి గుంజలకు చోటు చూడండి. నడిమి గుంజ జరిగితే ఒక వైపు దూరం పెరుగుతుంది కదా, దూలం మందం ఆ పెద్ద దూరానికి తగ్గట్టు తీసుకోండి.

మూలలు సరిచూడటానికి 3-4-5 పద్ధతి తెలిసే ఉంటుంది: ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు గుర్తు పెడితే వాటి మధ్య 5 రావాలి. చివర్లో ఐమూలలు రెండూ కొలవండి. అవి సెంటీమీటరుకు మించి తేడా వస్తే దారం మళ్ళీ కట్టండి. ఇక్కడ బద్ధకిస్తే చివర్లో రేకులు ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి వస్తాయి.

తవ్వే ముందు నేలలో నీళ్ళ పైపులు, కరెంటు కేబుళ్ళు ఎక్కడున్నాయో కనుక్కోండి. తలపైన కరెంటు తీగ ఉంటే ఆ పని జోలికే పోకండి. స్థానిక అనుమతుల సంగతి మొదటే అడిగి ఉంచుకోండి. షెడ్డును ఇంటి గోడకు తగిలించి ఒక వరస గుంజలు మిగుల్చుకుందామని కొందరు సలహా ఇస్తారు. నాకు ఇష్టం లేదు. ఆ అతుకు దగ్గర నీళ్ళు గోడలోకి దిగడం ఎప్పటికీ తెగని తలనొప్పి. ఒక అడుగు ఎడం ఇచ్చి విడిగా కట్టుకోండి.

కలప

చేవ ఉన్న టేకు లాంటివి వాటంతట అవే చెదలకు, కుళ్ళుకు బాగా తట్టుకుంటాయి. అయితే చేవ మాత్రమే, అంటే మాను నడిమి ముదురు కర్ర. బయటి తెల్ల కర్రకు, అది ఏ చెట్టుదైనా, ఆ గుణం ఉండదు. టేకు అని చెప్పి తెల్ల కర్ర ఎక్కువున్న ముక్కలు అంటగడితే మోసపోకండి. పైన్ లాంటి మెత్తటి కలప అయితే మందు పట్టించినదే తీసుకోండి. రెండు జాగ్రత్తలు: ఆ మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, అది మామూలు ఇనుప మేకుల్ని త్వరగా తినేస్తుంది. మందంగా జింకు పూత వేసినవో, స్టెయిన్‌లెస్‌వో వాడండి. ఇక కోసినప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి, మిగిలిన ముక్కలు పొయ్యిలో పెట్టకండి. కోసిన ప్రతి చోటా, డ్రిల్లు వేసిన ప్రతి రంధ్రంలోనూ మళ్ళీ మందు పూయాలి.

బోరాన్ మందులు చవగ్గా దొరుకుతాయి, చెదలకు బాగా పనిచేస్తాయి. కానీ వానకు కరిగిపోతాయి. కప్పు కింది వాసాలకు సరే, గుంజలకు వద్దు.

రేకుల గురించి పెద్దగా చెప్పేది లేదు. రబ్బరు వాషరున్న మరలు వాడండి, వాషరు కాస్త ఉబ్బగానే ఆపేయండి, పిండైపోయేదాకా బిగిస్తే అదే మొదటి కారే చోటు. అంచుల్లో మరలు దగ్గర దగ్గరగా వెయ్యండి, గాలి మొదట లాగేది అక్కడే. వెలుతురు కోసం పాలికార్బనేట్ షీటు వేస్తే, 40 డిగ్రీల తేడాకు మూడున్నర మీటర్ల షీటు తొమ్మిది మిల్లీమీటర్లు సాగుతుంది. రంధ్రం మర కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంచకపోతే పగులుతుంది.

ఏటా చెయ్యాల్సింది

మొదటి ఏడాది ఒక పని తప్పనిసరి: బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. పచ్చి కలప ఆరేకొద్దీ అడ్డంగా సన్నబడుతుంది. 15 సెంటీమీటర్ల గుంజ అయిదారు మిల్లీమీటర్లు తగ్గడం మామూలే. నేను రెండోది కట్టిన ఆరు నెలలకు స్పానర్ తీసుకెళ్తే దాని అవసరమే పడలేదు, కొన్ని నట్లు వేళ్ళతోనే తిరిగాయి. ఎండాకాలం చివర ఒకసారి చూసుకుంటే చాలు, రెండు మూడేళ్ళకు స్థిరపడుతుంది.

గుంజల మీద పొడవునా నెర్రెలు వస్తే టెన్షన్ పడకండి, చెక్క ఆరే తీరే అంత. బోల్టు రంధ్రం గుండా చివరి దాకా చీలితే మాత్రం అది వేరే సంగతి, ఇనుప పలకలు రెండు వైపులా వేసి పట్టించాలి.

వానలకు ముందు ఒక పూట: స్క్రూడ్రైవర్‌తో ప్రతి గుంజ అడుగునా పొడిచి చూడటం, మట్టి, ఆకులు, ఇసుక గుంజ పాదానికి ఎగదన్ని ఉంటే లాగేయడం, తూములో చెత్త తీయడం. దిమ్మె మీద పెన్సిల్ మందాన మట్టి గీత పైకి పాకినట్టు ఉంటే అవి చెదలు. గీత చెరిపేసి ఊరుకోకండి, కొంచెం పగలగొట్టి లోపల పురుగులున్నాయో చూసి మందు పెట్టించండి. దిమ్మె నేలకు పది సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే ఆ గీత కంటికి కనిపిస్తుంది; గుంజ నేలలో ఉంటే లోపల్లోపలే ఎక్కేస్తాయి.

పూత విషయంలో నా మాట: మెరిసే వార్నిష్ వద్దు. మొదటి రెండేళ్ళు అద్దంలా ఉంటుంది, తర్వాత పొరలు లేచి, ఆ పొర కింద నీళ్ళు నిలిచి, పాతదంతా గీకాల్సి వస్తుంది. చెక్కలోకి ఇంకే నూనె పూత వేసుకోండి. ఏడాదికో రెండేళ్ళకో దుమ్ము దులిపి మళ్ళీ ఒక చెయ్యి పూస్తే సరి. ఎండ పడమట వైపు గుంజలను ఎక్కువ తింటుంది, వాటికి ఇంకో పూత. నీళ్ళ బొట్టు వేసి చూడండి, ముత్యంలా నిలిస్తే ఇంకా పని లేదు, ఇంకిపోతే పూయాలి.

నూనె పూసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె లాంటివి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టగా ఉంటే వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి ఉంచండి. చెక్క షెడ్డు, కింద పెట్రోలు ఉన్న కారు... మిగతాది నేను చెప్పక్కర్లేదు. పెట్రోలు డబ్బాలు కూడా అక్కడ దాచకండి.

ఇనుమా చెక్కా అన్నదానికి: వెల్డింగ్ మీకు రాకపోతే ఇనుములో ప్రతి చిన్న మార్పుకూ ఇంకొకరి కోసం ఎదురు చూడాలి. చెక్కలో తప్పు చేస్తే విప్పి మళ్ళీ చేసుకోవచ్చు. ఇనుముకూ పాదం దగ్గరే తుప్పు మొదలవుతుంది, ఏటా చూసుకోవడం దానికీ తప్పదు. మీకు చెక్కపని వచ్చంటున్నారు కాబట్టి చెక్కే.

కాంక్రీటు పోశాక కనీసం వారం తడుపుతూ ఉంచి, తర్వాతే గుంజలు నిలబెట్టండి. పొయ్యడానికి ముందు, ఇనుప పాదాలు దారానికి కట్టి గుంతల్లో నిలిపినప్పుడు, ఒక ఫోటో తీసి రెండు ఐమూలల కొలతలతో పాటు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఒకసారి పోశాక సరిచేయడానికి గడ్డపార తప్ప ఇంకేదీ పనికిరాదు.